ఇంటి పరిచర్యలోనున్న వృద్ధుల మనోవిషాదము

మంచము పట్టిన పెద్దలను గూర్చి "వయస్సు మీరినది, దిగులుపడుట సహజమే గదా" అను మాట మన యిండ్లలో తరచుగా వినబడుచుండును. ఆ మాటలో జాలి కలదు గాని సత్యము లేదు. ముదిమియందు దుఃఖకారణములు పెరుగుట నిజమే. తోడివారు ఒక్కరొక్కరుగా పోవుదురు, కన్ను మందగించును, మోకాలు లేవనీయదు. అయినను వృద్ధులలో అత్యధికులు ఈ కష్టముల నడుమనే వేళకు తినుచు, వార్తలు వినుచు, కోడలి వంటకు వంకలు పెట్టుచు, మనుమలతో వాదులాడుచు నుందురు. వారముల తరబడి ఏ విషయమునందును ఆసక్తి లేక, ఆకలి నిద్రలు చెడి, తాను ఎవరికిని పనికిరాని బరువునని తలపోయుచు గోడవైపు తిరిగి పడుకొనుట వేరు. అది వ్యాధి. వైద్యులు దానిని డిప్రెషన్ అందురు. ఈ వ్యాసమున క్రుంగుబాటు అను తెలుగు మాటనే వాడుచున్నాము. దానికి చికిత్స కలదు. ఎనుబదియేండ్ల వయస్సునను ఆ చికిత్స ఫలించును. ఇంటియందే పరిచర్య పొందుచున్న పెద్దలలో ఈ వ్యాధి ఎందులకు అధికమగుచున్నదో, అంతమంది చుట్టునుండగా ఎందులకు కంటబడక పోవుచున్నదో, ముఖ్యముగా పరాయి భాషల నడుమ తరతరములుగా కాపురముండు మన తెలుగు కుటుంబములలో దానిని పోల్చుకొనుట యెట్లో వివరించుట ఇందలి యుద్దేశము.

ఇది నేటి నాగరికత తెచ్చిన జబ్బని కొందరు తలంతురు. చరకసంహిత సూత్రస్థానమున ఎనుబది వాతవికారములను లెక్కించుచోట విషాదమును ఒక వికారముగా పేర్కొన్నారు. అదే పట్టికలో నిద్ర పట్టకుండుటయు, చిత్తము నిలుకడగా నుండకపోవుటయు చేర్చబడినవి. కాళ్ళ నొప్పి, నడుము పట్టు మొదలగు శరీరబాధల వరుసలోనే విషాదమును కూర్చుండబెట్టిన ఆ ప్రాచీనుల చూపు గమనింపదగినది. ఏలనన ఇంట మంచముపైనున్న వృద్ధుని దిగులు నేటికిని శరీరబాధల వేషముననే బయటపడుచున్నది.

ఈ విషయమున పేరెన్నిక గన్న పరిశోధన యొకటి అమెరికాలో జరిగినది. న్యూయార్కు రాష్ట్రపు వెస్ట్‌చెస్టర్ ప్రాంతమున, నర్సులు ఇంటికి వచ్చి చూచిపోవుచుండిన 65 ఏండ్లు మొదలు ఆ పై వయస్సు గల 539 మంది రోగులను మార్తా బ్రూస్ అను పరిశోధకురాలును ఆమె సహచరులును పరీక్షించి, 2002లో ఫలితములను ప్రకటించిరి. వారిలో 13.5 శాతము మందికి తీవ్రమైన క్రుంగుబాటు ఉండెను. తామే నడచి వైద్యుని యొద్దకు పోగల వృద్ధులలో కనబడుదానికి ఇది ఇంచుమించు రెండింతలు. క్రుంగినవారిలో 71 శాతము మందికి జీవితమున అదియే మొదటిసారి. అనగా వారు పుట్టుకతో దిగులుగొట్టు మనుష్యులు కారు. మందు వాడుచున్నవారు 22 శాతము మాత్రమే. శిక్షణ పొందిన నర్సు ఇంటికి వచ్చి రక్తపు పోటు చూచి, పుండుకు కట్టుకట్టి పోవుచుండగనే మిగిలినవారి దిగులు చికిత్సకు నోచుకొనలేదు.

మన దేశమున 2017–18 సంవత్సరములలో జరిగిన 'లాసీ' అను వార్ధక్య సర్వేక్షణము ఇట్టి కథనే చెప్పుచున్నది. అరువది దాటినవారిలో క్రుంగుబాటు ఉండవచ్చునని పరీక్షలో తేలినవారు 8.3 శాతము, తమకు ఆ వ్యాధి కలదని వైద్యులు చెప్పినట్లు తెలిపినవారు 0.8 శాతము. పదిమందికి ఒక్కరి జబ్బుకే పేరు పెట్టబడుచున్నదన్న మాట.

ఇంటిపట్టున నుండు రోగులలో ఇది హెచ్చుగా నుండుటకు మొదటి కారణము వారిని ఇంటికి కట్టివేసిన జబ్బులే. పక్షవాతము వచ్చి బ్రదికినవారిలో ఇంచుమించు మూడవవంతు మంది క్రుంగుబాటుకు లోనగుదురు. వణుకుడు జబ్బయిన పార్కిన్సన్ వ్యాధి, గుండెపోటు, తుంటి యెముక విరుగుట, మానని నొప్పి, ఇవి యన్నియు దానికి దారితీయునవే. మెదడులోని సన్నని రక్తనాళములు చెడుటవలన ముదిమిలో కొందరికి దిగులు పుట్టునని జార్జ్ అలెక్సోపౌలస్ మొదలగు వైద్యులు 1997లో ప్రతిపాదించిరి. కనుక "మనసు గట్టి చేసికొమ్ము" అని రోగికి చెప్పుట, కాలు విరిగినవానిని పరుగెత్తుమని చెప్పుటవంటిది.

రెండవ కారణము చెప్పుటకు కొంత సంకోచము కలుగును. అది మన పరిచర్యయే. షోలాపురమున మన తెలుగు ఇండ్లలో బీడీలు చుట్టుచు సంసారము నీదిన ముసలమ్మలు ఎందరో కలరు. మగ్గముపై బ్రదుకు వెళ్ళించిన తాతలును కలరు. ఇంటిలో ఎవరికిని తోచకున్నను వారి చేతులు ఏదో ఒకటి చేయుచునే యుండెను. తుంటి విరిగియో, కాలు చెయి పడిపోయియో మంచమెక్కిన మరునాటినుండి ఆ చేతులలోని పని యంతయు పోవును. నీళ్ళు మనమే తాపుదుము, తల మనమే దువ్వుదుము, పింఛను కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొని తక్కిన వ్యవహారము మనమే చక్కబెట్టుదుము. ఏ కూర వండవలయునని కూడ అడుగము. శ్రమ పెట్టకూడదని మన భావము. పెద్దలకు మాత్రము అది పదవీచ్యుతివలె తోచును. రోజంతయు చేయవలసిన పని యొక్కటియు లేనివారికి లేవవలసిన హేతువును ఉండదు. లేవని దేహము మరింత బలహీనమగును. ఆ బలహీనత చూచి మనము మిగిలిన చిన్నపనిని కూడ తీసివేయుదుము. మంచి కోడలు, ప్రేమగల కొడుకు ఉన్న యింటనే ఈ చక్రము వేగముగా తిరుగుట విచిత్రము.

ఇక వ్యాధి కంటబడకుండుటకు గల కారణములు. ఇంటి పరిచర్యలో మనము లెక్కపెట్టునవి మాత్రలు, పూటలు, చక్కెర, రక్తపు పోటు. వీనిలో దేనియందును దిగులు కనబడదు. అంతేకాక క్రుంగిన రోగి చాలమారులు నెమ్మదస్థుడుగా నుండును. పిలువడు, అడుగడు, విసుగుకొనడు. "పాపము, ఏ గొడవయు లేదు" అని ఇంటివారు మెచ్చుకొందురు. గొడవ పెట్టు ముసలివానికన్న గొడవ పెట్టనివానిని గూర్చియే ఎక్కువ కనిపెట్టి యుండవలయును.

భాష సంగతి దీనికన్న సూక్ష్మమైనది. "నాకు విషాదముగా నున్నది" అని మన పెద్దలెవరును చెప్పరు. "ఒంట్లో సత్తువ లేదు", "గుండె దడగా ఉంది", "తల బరువు", "నోరు చేదు", "ఏమీ తోచటం లేదు", "ఎందుకొచ్చిన బతుకు" అని చెప్పుదురు. ఈ మాటలలో మొదటివి వినిన వైద్యుడు బలమునకు టానిక్కు వ్రాయును. చివరివి వినిన ఇంటివారు వైరాగ్యమనుకొందురు. తెలుగునాటనే ఇట్లుండగా, మన సంగతి మరియొక మెట్టు కష్టము. మదురలోనో, కోయంబత్తూరులోనో, బళ్ళారిలోనో, బరంపురములోనో ఉన్న నాయనమ్మకు తెలుగే మనసులోని మాట. ఆమె బజారున తమిళమో కన్నడమో ఒడియాయో చక్కగనే మాటాడియుండును. కాని జబ్బులో, ముఖ్యముగా పక్షవాతము తరువాతను మతిమరపు వచ్చిన తరువాతను, చిన్ననాటి భాషయే కొందరికి ముందుగా నోటికి వచ్చుట కలదు. మనుమలు బడిలో ఆ తెలుగును నేర్వలేదు; జీతమునకు వచ్చి చూచుకొను మనిషికి అది అసలే తెలియదు. దినమంతయు ఇంటి నిండ మనుష్యులుండగనే ఆమెతో మాటాడువారు ఒకరో ఇద్దరో. వైద్యుని యెదుట కొడుకు దుబాసి యగును. తల్లి ఐదు వాక్యములు చెప్పగా కొడుకు "నిద్ర పట్టుట లేదట" అని ఒక్క వాక్యము చెప్పును. అతడు దాచవలెనని దాచడు. "ఎందుకొచ్చిన బతుకు" అను మాటను పరాయి మనిషి ముందు మరియొక భాషలో పలుకుటకు నోరు రాదు. అది ఇంటి పరువునకు లోటనియు తోచును. వైద్యునికి కావలసిన మాట అదియే. యానామువారికి ఈ చిక్కు తక్కువ. అచట తెలుగే వాడుక, కాకినాడయు దాపుననే యున్నది. మిగిలిన మనకు దీనిని గూర్చి ఆలోచన తప్పదు.

గుర్తించుటకు గొప్ప విద్య అవసరము లేదు. గడచిన రెండు వారములలో ఎక్కువ దినములు మనస్సు దిగులుగా, ఆశ లేనట్లుగా ఉన్నదా? మునుపు ఇష్టమైన పనులయందు ఆసక్తి గాని సంతోషము గాని లేకపోయినదా? ఈ రెండు ప్రశ్నలే వైద్యులు మొదట అడుగునవి. ఒక్కదానికైనను అవునని జవాబు వచ్చినచో తొమ్మిది ప్రశ్నల పట్టిక నడుగుదురు. 2001లో వెలువడిన ఆ పట్టికకు పి.హెచ్.క్యు.-9 అని పేరు. దానికి తెలుగు రూపమును కలదు. వృద్ధుల కొరకే జెరోమ్ యెసవేజ్ మొదలగువారు 1980 దశాబ్దమున కూర్చిన మరియొక కొలత కలదు. అందు అవును, కాదు అని చెప్పిన చాలును. దాని విశేషమేమనగా, ఆకలి, నిద్ర, ఒంటి నొప్పులను గూర్చిన ప్రశ్నలను బుద్ధిపూర్వకముగా విడిచినారు. ముసలితనమున అవి యితర జబ్బులవలనను చెడును గదా! ఐనను అందు బయటకు పోవుటకన్న ఇంట నుండుటనే కోరుచున్నారా యను ప్రశ్న యొకటి కలదు. గడప దాటలేనివారి విషయమున ఆ ప్రశ్నకు వచ్చు జవాబును ఆచితూచి గ్రహింపవలయునని మా అభిప్రాయము. ఈ కొలతలు అనుమానమును తెలుపునే గాని వ్యాధిని నిర్ణయింపవు. నిర్ణయము వైద్యునిది.

పొరపాటు పడుటకు అవకాశములు కొన్ని కలవు. డిమెన్షియా అను మతిమరపు జబ్బు నెలలు, ఏండ్లు పట్టి మెల్లగా ముదురును. ఆ రోగి సాధారణముగా తన లోపమును కప్పిపుచ్చ జూచును. క్రుంగినవారు "నాకేమీ గుర్తుండదు, నాకేమీ తెలియదు" అని తామే మొరపెట్టుకొందురు. రెండును కలసియుండుటయు కలదు. నిన్నటివరకు బాగుండి నేడు హఠాత్తుగా పలవరించుచు, మనిషిని పోల్చకుండినచో అది దిగులు కాదు. మూత్రపు ఇన్‌ఫెక్షనో, న్యుమోనియాయో, క్రొత్త మాత్రయో కారణమై యుండును, వెంటనే ఆసుపత్రికి చేర్పవలయును. థైరాయిడ్ మందగించుట, రక్తహీనత, బి-12 విటమిన్ లోపము క్రుంగుబాటును పోలియుండును గనుక రక్తపరీక్ష ముందుగా చేయింపవలయును. చెవుడును మరువరాదు. నలుగురు నవ్వుచుండగా దేనికో తెలియక కూర్చుండువాడు కొన్నాళ్ళకు ఆ నలుగురినుండియు తొలగిపోవును. చెవిలోని గుబిలి తీయించుట, వినికిడి యంత్రము పెట్టించుట, కంటిశుక్లము తీయించుట కూడ దిగులుకు మందులే.

ఒక ప్రశ్న అడుగుటకు అందరును జంకుదురు. "చనిపోవలెనని అనిపించుచున్నదా?" అని అడిగినచో లేని తలంపు పుట్టునని భయము. అట్లు పుట్టదని పరిశోధకులు తేల్చియున్నారు. పైగా అడిగినందుకు చాలమందికి గుండె బరువు తగ్గును. అన్నము వద్దనుట, మాత్రలు నాలుక క్రింద దాచి ఉమ్మివేయుట, ఉన్నట్టుండి నగలు, కాగితములు పంచిపెట్టుట కనిపించినచో ఊరకుండరాదు. అట్టి యింట మాత్రల డబ్బాలు, పురుగుమందులు తాళములో నుంచి, మనిషిని ఒంటరిగా విడువక, అదే దినమున వైద్యుని పిలువవలయును.

చికిత్సలో మాటకును పనికిని గల చోటు మందుకన్న తక్కువది కాదు. అమెరికాలోని సియాటిల్ నగరమున 138 మంది వృద్ధులను తీసికొని, వారిలో ఒక గుంపువారికి శిక్షణ పొందినవారు ఇంటికే పోయి కొన్నిమారులు కూర్చుండి, వారిని బాధించు చిక్కులలో ఒక్కొక్కదానిని విడదీసి పరిష్కరించుకొను పద్ధతి నేర్పి, చేయగల పనులను నియమముగా చేయించిరి. 2004లో ప్రకటించిన ఫలితము ప్రకారము ఏడాదికి దిగులు సగమైనను తగ్గినవారు ఈ పద్ధతి పొందినవారిలో 43 శాతము, పొందనివారిలో 15 శాతము. మనకు దాపుననున్న గోవాలో జరిగిన ప్రయత్నము ఇంకను ఆశాజనకము. కొద్దిపాటి దిగులు లక్షణములు గల 60 ఏండ్లు పైబడిన 181 మందిని తీసికొని, వారిలో సగముమందికి వైద్యులు కాని సామాన్యులే శిక్షణ పొంది చిక్కులు విప్పుకొను పద్ధతిని, నిద్ర నియమములను, మధుమేహాది జబ్బులలో తీసికొనదగు జాగ్రత్తలను బోధించి, రావలసిన ప్రభుత్వ సహాయములను పొందుటలో తోడ్పడిరి. ఏడాదిలో పూర్తి వ్యాధిలో పడినవారు ఆ గుంపున 91 మందిలో నలుగురు. రెండవ గుంపున 90 మందిలో పదుమువ్వురు. ఈ ఫలితములు 2019లో వెలువడినవి. ఇందలి విశేషము విద్యాధికుల నేర్పు కాదు గనుక మన సంఘములవారు కూడ పూనుకొనదగిన పని యిది. వారమున కొక్కమారు ఒక తెలుగు మనిషి పోయి, మంచము ప్రక్క గంటసేపు కూర్చుండి తెలుగున మాటాడి రాగలిగినను అది దానము వంటిది కాదు, చికిత్సలో భాగము.

ఇంటిలో దీనిని ఆచరించుట యెట్లనగా, మొదట ఒక పనిని పెద్దలకు తిరిగి యీయవలయును. అది నిజమైన పని కావలయును. వినోదమునకై కల్పించినది వారు ఇట్టే పసిగట్టుదురు. కూర్చుండగలవారు చిక్కుడుకాయలు ఈనెలు తీయవచ్చును, పాలవాని లెక్క చూడవచ్చును, మనుమరాలికి తెలుగు అక్షరములు దిద్దించవచ్చును. కూర్చుండలేనివారు సైతము నేడేమి వండవలయునో చెప్పవచ్చును. మొదట వద్దందురు. ఉత్సాహము వచ్చిన పిమ్మట పని చేయుదమని రోగి యనుకొనును. ఈ వ్యాధిలో పని మొదలిడిన పిమ్మటనే ఉత్సాహము వచ్చును. కనుక పది నిముషములతో ఆరంభించి, అదే వేళకు, ప్రతిదినము చేయింపవలయును. ఉదయపు టెండలోనికి మంచమునో కుర్చీనో జరుపుట, పగటినిద్ర తగ్గించుట కూడ ఉపకరించును.

మందులను గూర్చి మనవారిలో రెండు అపోహలు కలవు: అలవాటు పడిపోవుదురని యొకటి, మత్తులో పడవేయునని యొకటి. 1957లో స్విట్జర్లండు దేశపు వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమీన్ గుణమును ప్రకటించినప్పటినుండి ఈ మందులు వాడుకలో నున్నవి. ఆ పాతరకపు మందులు వృద్ధులలో మలబద్ధము, మూత్రము బిగియుట, తల తిరిగి పడిపోవుట కలిగించును గనుక, నేడు సెర్ట్రలీన్, ఎస్సిటలోప్రామ్ వంటివానిని తక్కువ మోతాదున ఆరంభింతురు. గుణము కనబడుటకు రెండు మొదలు నాలుగు వారములు, వృద్ధులలో కొన్నిమారులు ఎనిమిది వారములు దాటియు పట్టును. మొదటి వారమున వచ్చు వికారమును చూచి మానివేయువారే ఎక్కువ. మరియొక జాగ్రత్త: ఈ మందులు రక్తములోని సోడియమును తగ్గింపవచ్చును. నీరు పోవుటకై ఇచ్చు బి.పి. మాత్రలు కూడ వాడుచున్నవారిలో ఈ ప్రమాదము హెచ్చు. మందు మొదలిడిన కొద్ది వారములలో తికమక, తూలుట కనిపించినచో రక్తపరీక్ష చేయింపవలయును. ఆస్పిరిన్ వాడుచున్నచో ఆ సంగతియు వైద్యునికి చెప్పవలయును. నయమైన పిదప గూడ ఆరు నెలలు మొదలు ఏడాదివరకు వాడి, మెల్లగా తగ్గింపవలసినదే గాని చటుక్కున ఆపరాదు. అల్‌ప్రాజోలమ్ వంటి నిద్రమాత్రలు వేరు. అవి దిగులును పోగొట్టవు. అలవాటు పడుటయు, రాత్రి లేచి పడి తుంటి విరుగుటయు వానివలననే. అన్నపానములు మానివేసిన తీవ్రస్థితిలో విద్యుత్ చికిత్స ప్రాణము నిలుపగలదు. మత్తిచ్చి చేయుదురు గనుక సినిమాలలో చూపు ఘోరము అందు లేదు.

పరిచర్య చేయువారిని గూర్చి ఒక మాట. మన యిండ్లలో ఈ భారము భార్యమీదనో, కూతురుమీదనో, కోడలిమీదనో పడును. రాత్రి నాలుగుమారులు లేచి, పగలు వంట చేసి, బంధువులనుండి మాట పడు ఆ స్త్రీయే కొంతకాలమునకు క్రుంగుబాటులో పడుట అరుదు కాదు. పై రెండు ప్రశ్నలను ఆమెను కూడ అడుగవలయును. వారమున ఒక పూటయైనను మరియొకరు ఆ మంచమువద్ద కూర్చుండి ఆమెకు సెలవిచ్చుట, రోగి చికిత్సకును మేలు చేయును.

వైద్యసహాయము దొరకు చోట్లు పూర్వముకన్న పెరిగినవి. ప్రభుత్వ బోధనాసుపత్రులలో మానసికవైద్య విభాగములు కలవు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము క్రింద జిల్లాలలో వైద్యులుందురు. బెంగుళూరులో నిమ్హాన్స్ సంస్థ కలదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఆరంభించిన టెలి-మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి, ఏ వేళనైనను తెలుగున మాటాడ గోరవచ్చును. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము తన జబ్బును గూర్చియు చికిత్సను గూర్చియు తనకు అర్థమగు భాషలో తెలిసికొను హక్కును రోగికి ఇచ్చినది. వైద్యుని యొద్దకు పోవునపుడు ఒక కాగితముపై, దిగులు ఎన్ని వారములనుండి కలదో, బరువెంత తగ్గినదో, రాత్రి ఎన్ని గంటలకు మెలకువ వచ్చుచున్నదో, వాడుచున్న మాత్రలన్నియు ఏవో వ్రాసికొని పోవలయును. వానిక్రింద పెద్దలు పలికిన మాటలను వారు పలికినట్లే తెలుగున వ్రాసి, ఒక్కొక్కదాని యర్థమును వైద్యునికి తెలిసిన భాషలో ఏ మాటయు విడువక చెప్పవలయును. చెప్పుటకు కొడుకునకు నోరు రానిచో, ఆ కాగితము చేతబట్టుకొని పొరుగింటి తెలుగువారెవరైనను వెంట పోవచ్చును.